అనంతపురంలో కాపురం, బెంగళూరులో ఉద్యోగం: నిజంగా వర్కవుట్ అవుతుందా?

మీ ఆఫీసు బెంగళూరుకు ఉత్తరాన హెబ్బాళ, యలహంక, దేవనహళ్లి వైపు ఉండి, వారానికి ఒకటో రెండో రోజులు వస్తే చాలంటే అనంతపురంలో ఉండండి, బాగుంటుంది. మూడు రోజులు రావాలంటే మాత్రం వద్దు, బెంగళూరులోనే ఇల్లు చూసుకోండి. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఉంటే రెండు రోజులకే ఒకటికి నాలుగుసార్లు ఆలోచించాలి. తొందరలో ఉన్నవాళ్లకు నా రివ్యూ ఇంతే. నేను నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఆ అయిదోది ఎందుకు కోశానో కింద ఉంది.

పెళ్లిళ్లలో, సీమంతాల్లో ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు, "నెలకు ఎంత మిగులుతాదమ్మా?" అని. బాడుగ లెక్క చివర్లో వేసుకోవచ్చు. మొదట అడగాల్సింది మీ ఆఫీసు ఎన్ని రోజులు రమ్మంటుంది, ఆ మాట మీద ఎంతకాలం నిలబడుతుంది అని. మేనేజరు నోటితో చెప్పింది కాదు, హెచ్‌ఆర్ దగ్గర్నుంచి మెయిల్లో ఉండాలి. మా ఆఫీసులో ఒకతను మేనేజరు భరోసా ఇచ్చాడని సామానంతా ఊరికి ఎత్తుకెళ్లాడు, మేనేజరు వేరే కంపెనీకి పోయాడు, కొత్తాయనకు ఆ భరోసా సంగతే తెలీదు.

మా పరిస్థితి చెప్తా, మీదానితో పోల్చుకోండి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేస్తాను, ఆఫీసు హెబ్బాళ వైపు ఉన్న ఒక టెక్ పార్కులో. మా ఆయనకు ఇక్కడ మెడికల్ షాపు ఉంది, అది లేచి బెంగళూరు రాదు. పాప ఎనిమిదో తరగతి. ముందు మేం కూడా బెంగళూరులో ఇల్లు తీసుకుని, ఆయన శనివారం వచ్చి సోమవారం పోయే పద్ధతిలోనే బతికాం. కంపెనీ వారానికి రెండు రోజులకు ఒప్పుకున్నాక మూడు దారులు కనిపించాయి: అట్లాగే బెంగళూరులో ఉండిపోవడం, హైదరాబాద్ బ్రాంచికి మార్పించుకోవడం, అనంతపురం రావడం. హైదరాబాద్‌ను ఒక పూటలోనే పక్కన పెట్టేశాం. ఇక్కడి నుంచి బెంగళూరు దాదాపు 210 కిలోమీటర్లు, హైదరాబాద్ 360 దాకా ఉంటుంది, షాపు ఇక్కడే ఉన్నప్పుడు ఇంకా దూరం పోయి చేసేదేముంది.

ఇల్లు వెతకడం దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే ఇక్కడ బెంగళూరు అలవాట్లు పనికిరావు. ఆన్‌లైన్ యాప్‌లలో అనంతపురం ఇళ్లు ఉంటాయి కానీ మంచివి అక్కడికి రాకముందే పోతాయి. గేటుకు "టు లెట్" బోర్డు వేలాడదీస్తారు, వీధి చివర కిరాణా అంగడాయనకు చెప్తారు, అయిపోయింది. బండి మీద సాయినగర్, రామనగర్, కమలానగర్, హౌసింగ్ బోర్డు సందులన్నీ తిరగడమే దారి. బ్రోకర్లూ ఉన్నారు, ఒక నెల బాడుగ అడుగుతారు. మాకు దొరికిన ఒకాయన ఫోన్లో "కొత్త ఇల్లు మేడం, గాలీ వెలుతురూ సూపర్" అన్నాడు, పోయి చూస్తే ఒక్క కిటికీ పక్కింటి గోడకు తెరుచుకుంటుంది, ఇంకోదాంట్లో కూలర్ ఇరికించి ఉంది. ఆయన్ని వదిలేసి మేమే తిరిగాం.

ఇంటి ఓనర్లు అడిగే ప్రశ్నలకు ప్రిపేరై వెళ్లండి. కులం ఏంది, కవుసు (మాంసం) తింటారా, చుట్టాలు ఎక్కువ వస్తారా, ఇవన్నీ నేరుగానే అడుగుతారు, కొన్నిచోట్ల ఒళ్లు మండుతుంది. నాకు ఎదురైన కొత్త ప్రశ్న ఇది. ఒకావిడ "ఏం పని చేస్తావమ్మా?" అంది. ఇంట్లోనే కంప్యూటర్ మీద చేస్తానని చెప్పా. "ఇంట్లోనే కూసుంటే జీతమిస్తారా?" అని కాసేపు ఆశ్చర్యపోయి, "అట్లయితే పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటారు, నీళ్లు జాస్తి ఖర్చయితాయి" అని నెలకు అయిదొందలు పెంచింది. వర్క్ ఫ్రమ్ హోమ్‌కు సర్‌ఛార్జి ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు. అయినా ఆ ఇల్లు తీసుకోకపోవడానికి కారణం ఆ అయిదొందలు కాదు, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

నీళ్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఇది ఏడాదికి అటూ ఇటూగా 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. ఊళ్లోకి తాగునీళ్లు పెన్నఅహోబిలం బ్యాలెన్సింగ్ రిజర్వాయరు నుంచి వస్తాయి, అంటే తుంగభద్ర డ్యామ్ నుంచి హెచ్చెల్సీ (హై లెవెల్ కెనాల్) కాలవ మీద వచ్చిన నీళ్లే. కొళాయి రోజు మార్చి రోజు వస్తుందా, ఎన్నింటికి వస్తుంది, ఇంటికి సంపు ఉందా, మిద్దె మీద ట్యాంకు ఎంత, బోరు ఎండాకాలంలో కూడా పలుకుతుందా, ఇవన్నీ అడగండి, ఓనర్‌ను కాదు, పక్కింటివాళ్లను. ఓనర్ ఎప్పుడూ "నీళ్లకేం కొదవలేదు" అనే అంటాడు. బోరు నీళ్లు ఒక లోటాలో పట్టి నోట్లో పోసుకుని చూడండి. కొళాయి గచ్చు మీద తెల్లగా పొర కట్టి ఉంటే గీజరు, వాషింగ్ మెషీన్ తొందరగా పాడవుతాయని అర్థం.

కరువు జిల్లా కదా, వరద మాటెందుకు అనుకుంటారు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి లోతట్టు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. వంక పక్కన బాడుగ తక్కువ ఉంటుంది, కొత్తవాళ్లకు ఎందుకు తక్కువో తెలీదు. గోడ మీద తేమ గుర్తు ఏ ఎత్తు దాకా ఉందో చూసుకోండి, కొత్తగా సున్నం వేసుంటే పక్కింటి గోడ చూడండి. మేం రామనగర్ వైపు మొదటి అంతస్తులో రెండు బెడ్‌రూముల ఇల్లు తీసుకున్నాం, బాడుగ 11 వేలు, అడ్వాన్సు రెండు నెలలది. కొందరు భోగ్యానికి ఇస్తామంటారు, నాలుగైదు లక్షలు ఒకేసారి కట్టి బాడుగ లేకుండా ఉండి, పోయేటప్పుడు డబ్బు వెనక్కి తీసుకోవడం. ఆశగా ఉంటుంది కానీ, ఆ ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందో లేదో ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించి చూడకుండా, స్టాంపు పేపరు మీద రాయించుకుని ఊరుకుంటే ఆ డబ్బుకు దిక్కుండదు.

ఇక బెంగళూరు లెక్క. హెబ్బాళ చుట్టుపక్కల ఇలాంటి ఇంటికే మేం 32 వేలు కట్టేవాళ్లం, మెయింటెనెన్స్ 4 వేలు వేరే. అడ్వాన్సు బెంగళూరులో పాతకాలం నుంచి పది నెలలది, ఇప్పుడు బతిమిలాడితే అయిదారు నెలలకు దిగుతున్నారు. 2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో ఇళ్లకు రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఉంది, కానీ అది రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే పనికొచ్చేది. ఓనర్‌తో ఆ మాట అంటే నవ్వి ఇంకొకరికి ఇచ్చుకుంటాడు. పైగా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల బాడుగ కోసేస్తారు.

ఇప్పుడు 11 వేల బాడుగకు నా ప్రయాణాలు కలపాలి. వారానికి ఒకసారి పోయి, ఒక రాత్రి అక్కడ ఉండి, రెండు రోజులు ఆఫీసు చేసి వస్తాను. చార్జీలు, రాత్రి బస, ఆటోలు, బయట తిండి అంతా కలిపి నెలకు 9 వేలు, ఒక్కో నెల 10 వేలు. అంటే 36 వేలకు బదులు 20, 21 వేలు. మిగిలేది 15 వేలు. చుట్టాలందరూ ఊహించుకునే లక్షలేమీ లేవు. పాప స్కూలు ఫీజు, కూరగాయలు, పనిమనిషి జీతం, ఇవి కూడా కొంత తగ్గాయి, కానీ ఎండాకాలం కరెంటు బిల్లు అందులో కొంత లాగేసుకుంటుంది. బెంగళూరులో మాకు ఏసీయే లేదు, ఇక్కడ మార్చి దాటాక ఏసీ లేకుండా మధ్యాహ్నం మీటింగ్‌లో కూర్చోవడం నావల్ల కాదు.

ప్రయాణం గురించి వివరంగా రాస్తా, ఈ ఏర్పాటు నిలబడేదీ కూలేదీ దీని మీదే.

బస్సు: నేను ఎక్కువగా వాడేది ఇదే. తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకు బస్టాండుకు పోతే ఏదో ఒక బెంగళూరు బస్సు దొరుకుతుంది, ఇక్కడి నుంచి బయల్దేరేవీ ఉన్నాయి, హైదరాబాద్, కర్నూలు నుంచి వచ్చేవీ ఉన్నాయి. 44వ నంబరు జాతీయ రహదారి, రోడ్డుకు వంక పెట్టడానికేం లేదు. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి, నిద్రలోనే దాటిపోతాయి. అసలు కిటుకు ఏమంటే బస్సు మెజెస్టిక్ (బెంగళూరు నడిబొడ్డున ఉన్న పెద్ద బస్టాండు) పోకముందే యలహంక, హెబ్బాళ మీదుగా పోతుంది. నేను హెబ్బాళలో దిగి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా సీట్లో ఉంటా. నాతోపాటు దిగకుండా ఎలక్ట్రానిక్ సిటీకి పోయేవాళ్లకు అక్కడి నుంచే రెండో ప్రయాణం మొదలవుతుంది, సిటీ ఈ కొస నుంచి ఆ కొస దాకా. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్రకు యెల్లో లైన్ మెట్రో వచ్చాక వాళ్లకు కొంత మేలైంది, వైట్‌ఫీల్డ్‌కు మెజెస్టిక్ నుంచి పర్పుల్ లైన్ ఉంది. అయినా ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఆరు గంటలకు తక్కువ కాదు. 210 కిలోమీటర్లు నాలుగు గంటల్లో వచ్చి, ఆ చివరి 35 కిలోమీటర్లకు ఇంకో రెండు గంటలు పోగొట్టుకోవడం ఎవరికైనా చిరాకే.

రైలు: అందరూ వందేభారత్ అంటారు. కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కు 2023 సెప్టెంబరులో మొదలైంది, అనంతపురంలో ఆగుతుంది, బండి బాగుంటుంది. కానీ పొద్దున్నే కాచిగూడలో బయల్దేరి మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో యశ్వంత్‌పూర్ చేరేది ఆఫీసుకు పోయేవాళ్లకు ఏం ఉపయోగం? తిరిగొచ్చేటప్పుడు మాత్రం పనికొస్తుంది, మధ్యాహ్నం మూడింటికి కాస్త ముందు బయల్దేరుతుంది, ఆ రోజు హాఫ్ డే పెట్టుకుంటే సాయంత్రం టీ వేళకు ఇంట్లో ఉండొచ్చు. మిగతావి ముంబై నుంచి వచ్చే ఉద్యాన్, ఢిల్లీ నుంచి వచ్చే కర్ణాటక ఎక్స్‌ప్రెస్, భువనేశ్వర్ నుంచి వచ్చే ప్రశాంతి. ఇవన్నీ ఈ లైన్లోనే పోతాయి కానీ వాటి టైములు మన ఆఫీసు చూసి పెట్టినవి కావు. అంత దూరం నుంచి వచ్చే బండి కాస్త లేటయిందంటే మన తొమ్మిదిన్నర మీటింగ్ పోయినట్టే. పొద్దున పోయేవాళ్ల కోసం అనంతపురంలోనో గుంతకల్లులోనో బయల్దేరి ఎనిమిదిన్నరకు యలహంక చేర్చే బండి ఒకటుంటే సగం ఊరు ఇక్కడే కాపురం పెడుతుంది, ఇది నా కోరిక, ఎవరైనా ఎంపీ గారి చెవిన వేయండి.

కారు: నలుగురు కలిసి పోతే బస్సు కంటే కొంచెం ఎక్కువ పడుతుంది, టైము కలిసొస్తుంది. మరూరు దగ్గర టోల్, బాగేపల్లి దగ్గర టోల్, దేవనహళ్లి దాటాక సాదహళ్లి టోల్. కర్ణాటకలో పెట్రోలు మనకంటే చవక, అందుకే పోయేటప్పుడు బాగేపల్లి దాకా సరిపడా ఉంచుకుని అక్కడ ట్యాంకు నింపడం ఇక్కడందరికీ అలవాటు. నేను ఒక గుంపులో చేరి మానేశా. డ్రైవింగ్ చేసే అబ్బాయి ముందు రోజు రాత్రి రెండింటి దాకా రిలీజ్ పనిలో ఉండి పొద్దున నాలుగింటికి స్టీరింగ్ పట్టుకునేవాడు, పక్కన కూర్చుని నిద్రపోకుండా కబుర్లు చెప్పడం నా డ్యూటీ అయింది. డబ్బులు మిగుల్చుకోవడానికి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు.

రాత్రి బస గురించి: మొదట్లో ఒక లేడీస్ పీజీలో నెలకు ఎనిమిది రాత్రుల లోపు వాడుకునేట్టు మాట్లాడుకున్నా, ఫోన్లో సరే అన్నవాళ్లు పోయేసరికి నా మంచం ఇంకొకరికి ఇచ్చేసి, సామాన్ల గదిలో పరుపు వేశారు. ఇప్పుడు ఆఫీసు ఫ్రెండ్ ఇంట్లో ఒక గది, నెలకు కొంత ఇస్తా, వద్దన్నా ఇస్తా, లేకపోతే ఆ స్నేహం కూడా ఉండదు. పీజీ పెట్టుకునేవాళ్లు రోజు లెక్కన ఇచ్చేవాటినే చూసుకోండి, అడ్వాన్సు కట్టొద్దు.

ఇదంతా వారానికి ఒక ప్రయాణానికి. మూడు రోజులు రమ్మంటే ఏమవుతుందో నాలాగే పోయి వచ్చేవాళ్లలో కొందరిని చూశా. రెండు రాత్రులు అక్కడ, బుధవారం రాత్రి ఇంటికి చేరేసరికి పదకొండు, గురువారం ఒళ్లు లేవదు, శుక్రవారం మనిషి మనిషిలా ఉంటారు, శనివారం బట్టలుతుక్కుని సర్దుకోవడం. డబ్బు లెక్కలో అప్పటికీ మిగులే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది, కాగితం మీద చూసి ముందుకు పోతారు. కొన్ని నెలలకు బెంగళూరులో నెలవారీ గది తీసుకుంటారు, అంటే రెండు ఇళ్లు నడుపుతున్నట్టే, మిగులు హరీ.

ఇంట్లో పని: నెట్‌కు మాత్రం అయిదు స్టార్లు. ఫైబర్ బాగుంది, బెంగళూరులో మా అపార్ట్‌మెంట్‌లో కంటే ఇక్కడే తక్కువసార్లు పోయింది. ఒక్క లైను నమ్ముకోకండి, ఫోన్ డేటా వేరే కంపెనీది పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు రౌటరు కూడా పోకుండా ఇన్వర్టరుకు కలిపించండి, ఓనర్‌కు ముందే చెప్పి. ఇంట్లో కుదరని రోజుల కోసం సప్తగిరి సర్కిల్ దగ్గర మేడ మీద ఒక చోటు చూశా, బోర్డు మీద కో-వర్కింగ్ అని ఉంది, లోపల అది స్టడీ హాలు. గ్రూప్-2కు, డీఎస్సీకి, కానిస్టేబుల్‌కు చదివే పిల్లలు చెక్క అరల్లో వరసగా తలలు వంచుకుని కూర్చుని ఉంటారు. ఏసీ ఉంది, వైఫై ఉంది, కుర్చీ కూడా మంచిదే, నెలకు 1,500. కాని నోరు విప్పకూడదు. నేను మెట్ల మీదికి పోయి స్టాండప్ కాల్ (టీం అంతా రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్) మాట్లాడుతుంటే కింద జిరాక్స్ షాపు అతను "మేడం, ఇంటర్వ్యూనా? బాగా చెప్తున్నారు" అన్నాడు. కాల్స్ లేని పని ఉన్నవాళ్లకు ఆ హాలు నిజంగా మంచి బేరం, అంత నిశ్శబ్దం బెంగళూరులో మూడింతలు పెట్టినా దొరకదు. నాకు రోజుకు నాలుగు కాల్స్. ఇంట్లో వెనక గదికి మందం పరదాలు వేయించుకున్నా, మా అత్త సీరియల్ సౌండు మాత్రం పరదాకు ఆగదు.

కోసిన స్టారు ఇక్కడ. కెరీర్. బెంగళూరులో ఉద్యోగం నచ్చకపోతే అదే రోడ్డులో ఇంకో కంపెనీ ఉంటుంది, లంచ్ టైములో పోయి ఇంటర్వ్యూ ఇచ్చి రావచ్చు. ఇక్కడి నుంచి ఉద్యోగం మారాలంటే కొత్త కంపెనీ ముందే "వారానికి ఎన్ని రోజులు వస్తారు" అని అడుగుతుంది, మనం రెండు అనగానే జాబితా సగానికి సగం తగ్గిపోతుంది, జీతం బేరంలో మన చెయ్యి కిందపడుతుంది. నాకు పోయినసారి హైక్ ఎంతొచ్చిందో మా టీంలో రోజూ కనపడేవాళ్లకు ఎంతొచ్చిందో నాకు తెలుసు, అంకె రాయను కానీ నెలకు మిగిలే 15 వేలలో కొంత అక్కడ పోతోంది. నలభై దాటి, అప్పులు పెద్దగా లేక, ఇదే స్థాయిలో ఇంకొన్నేళ్లు చేస్తే చాలనుకునేవాళ్లకు ఇది భరించగలిగే నష్టం. ఇరవై అయిదేళ్ల పిల్లలు, ఇప్పుడే జేఎన్‌టీయూ నుంచి బయటికొచ్చి మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లు అమ్మ చేతి వంట కోసం ఇంటికొచ్చేస్తామంటే నేను వద్దనే చెప్తా. ఆ వయసులో పని పక్కవాళ్లను చూసి నేర్చుకునేది, స్క్రీన్ షేర్‌లో అంతగా రాదు. మెకానికల్, ఆటోమొబైల్ వాళ్ల లెక్క వేరు, పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు తయారు చేయడం మొదలుపెట్టాక దాని చుట్టూ విడిభాగాల కంపెనీలొచ్చాయి, వాళ్లకు అనంతపురంలో ఉండి రోజూ పోయి రావడం కుదురుతుంది. సాఫ్ట్‌వేర్‌కు ఆ భాగ్యం లేదు.

పిల్లలున్నవాళ్లు ఎక్కువమంది మర్చిపోయేది ఒకటుంది: లోకల్, నాన్ లోకల్. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన దగ్గర ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవి. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరసగా ఎక్కడ చదివారో చూస్తారు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. అవి బెంగళూరులో అయితే మన పిల్ల మన జిల్లాలోనే నాన్ లోకల్. తల్లిదండ్రులు పదేళ్లు రాష్ట్రంలో ఉన్నట్టు చూపిస్తే మిగిలిన 15 శాతంలో పోటీ పడొచ్చు, కానీ 85కూ 15కూ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు. మా పాప తొమ్మిదిలోకి రాబోతోంది కాబట్టి మాకు ఈ ఏడాదే తేల్చుకోవాల్సి వచ్చింది, నిజం చెప్పాలంటే త్రాసు మొగ్గింది దీనివల్లే, బాడుగ వల్ల కాదు. పిల్లలను కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీయే రాయిస్తాం అనుకునేవాళ్లకు అక్కడి నిబంధనలు అక్కడుంటాయి, అవి చదువుకుని నిర్ణయించుకోండి.

బతుకు ఎలా ఉంటుందంటే, పొద్దున ఉగ్గాని బజ్జి తినాలనిపిస్తే చెప్పులేసుకుని వీధి చివరికి పోతే చాలు. సాయంత్రం ఆరింటికి ల్యాప్‌టాప్ మూస్తే ఆరుంపావుకు కూరగాయలు కొంటూ ఉంటా. టవర్‌క్లాక్ దగ్గర ట్రాఫిక్ అని మా ఆయన విసుక్కుంటాడు, బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ చూసినదానికి అది ట్రాఫిక్కే కాదు. ఏప్రిల్, మే మాత్రం కష్టం, నలభై దాటిన ఎండలో మధ్యాహ్నం వీధులు ఖాళీ. సినిమాలకు కొదవలేదు, మిగతా కాలక్షేపం తక్కువే, క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్టేడియంలో 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు జరిగాయి, మా ఆయన షాపు మూసుకుని మరీ పోయాడు. ఆరోగ్యం మీద కొంచెం దిగులుంటుంది. మామూలు జబ్బులకు డాక్టర్లున్నారు, పెద్దాసుపత్రి ఉంది, బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆసుపత్రి ఉంది, గుండె సమస్యల్లాంటివాటికి పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఉంది. ఇంకా పెద్దవైతే అందరూ బెంగళూరు దారే పడతారు. ఇంట్లో పెద్దవాళ్లకు తరచూ స్పెషలిస్టు చూడాల్సిన జబ్బు ఉంటే మీ ప్రయాణాల లెక్కలో వాళ్ల ప్రయాణాలూ కలపండి.

కర్నూలు వాళ్లు అడుగుతారు కాబట్టి: మీకు బెంగళూరు కాదు, హైదరాబాద్ ఆఫీసైతే ఇదే లెక్క దాదాపు అట్లాగే సరిపోతుంది, దూరం కూడా 210 పైచిలుకు, అదే 44వ నంబరు రోడ్డు. కాకపోతే మీరు హైదరాబాద్‌లోకి శంషాబాద్ వైపు నుంచి దిగుతారు, ఆఫీసు గచ్చిబౌలి వైపైతే ఔటర్ రింగ్ రోడ్డు మీద సుఖంగా పోతారు, ఉప్పల్, పోచారం వైపైతే అంత సులువు కాదు. మా చిన్నమ్మ కొడుకు కర్నూలు వెంకటరమణ కాలనీలో ఉండి అదే చేస్తున్నాడు, వారానికి ఒక రోజే ఆఫీసు, వాడిది రాజభోగం. కడపకు మాత్రం ఇది చెప్పలేను. బెంగళూరు దూరం ఎక్కువ, దారిలో ఘాట్లు, కడప నుంచి బెంగళూరుకు వేస్తామన్న కొత్త రైలు లైను ఏళ్లుగా పెండ్లిమర్రి దాటి ముందుకు రాలేదు. నెలకు ఒకసారి ఆఫీసుకు పోతే చాలనేవాళ్లు తప్ప కడప నుంచి దీన్ని మొదలుపెట్టొద్దు.

కొనడం సంగతి. "బాడుగ కట్టేదానికి బదులు ఇల్లు కొనేయ్" అని సలహా ఇచ్చేవాళ్లు బోలెడుమంది. 50 లక్షల అప్పు 20 ఏళ్లకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద తీసుకుంటే నెలకు 43,400 దాకా కట్టాలి, 80 లక్షలైతే 69,400. మొదటిది ఇక్కడి ఇల్లు, రెండోది బెంగళూరులో ఊరి చివర ఫ్లాటు అనుకోండి. ఇక్కడ అదే ఇంటికి బాడుగ 11, 12 వేలు ఉన్నప్పుడు 43 వేలు కట్టడంలో నాకు అర్థం కనిపించలేదు, పైగా రేపు ఆఫీసు మూడు రోజులు రమ్మంటే ఆ ఇంటిని మెడలో కట్టుకుని తిరగాలి. స్థలం కొనాలనుకుంటే అహుడా (ఇక్కడి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుటేనా, రెరా నంబరు ఉందా, సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందా, ఈ మూడూ చూసి తర్వాత సెంటు రేటు మాట్లాడండి. బైపాస్ పక్కన రంగు రాళ్లు పాతి "రేపు ఇక్కడ రింగ్ రోడ్డు వస్తాది సార్" అనేవాళ్ల మాట మీద అడ్వాన్సు ఇచ్చినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

మేమైతే పదకొండు నెలల అగ్రిమెంటు మీదే ఉన్నాం, అది అయ్యేనాటికి ఆఫీసు రెండు రోజుల మాట మీదే ఉంటే ఇంకో పదకొండు నెలలు. మూడు రోజులంటే ముందు ఇక్కడి నుంచే ఇంకో ఉద్యోగం వెతుకుతా, దొరక్కపోతే నేను ఒక్కదాన్నే యలహంకలో గది తీసుకుంటా, పాపా వాళ్ల నాన్నా ఇక్కడే ఉంటారు, ఈ సంగతి మా అత్తకు ఇంకా చెప్పలేదు. ఈ దారిలో రోజూ పోయి వచ్చేవాళ్లు ఎవరైనా పొద్దున ఎనిమిదిన్నర లోపల యలహంక చేర్చే రైలు నమ్మకంగా వాడుతుంటే నంబరు చెప్పండి, బస్సు సీట్లో నడుం పట్టేస్తోంది.